ఏజెంట్ దగ్గరో యాప్‌లోనో కొన్న విమాన టికెట్: ఫ్లైట్ రద్దయితే డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

“ఎయిర్‌లైన్‌ని అడిగితే ఏజెంట్‌ని అడగమంటున్నారు. ఏజెంట్‌ని అడిగితే ఎయిర్‌లైన్ నుంచి ఇంకా రాలేదంటున్నాడు. ఇప్పుడు నేనెవర్ని పట్టుకోవాలి?” నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు, డిసెంబర్ 7 రాత్రి 8 గంటల్లోగా రిఫండ్లన్నీ పూర్తి చేయాలని పౌర విమానయాన శాఖ ఆదేశించింది. అప్పుడు కూడా నేరుగా ఎయిర్‌లైన్ సైట్‌లో కొన్నవాళ్లకంటే మధ్యవర్తుల దగ్గర కొన్నవాళ్లకే టెన్షన్ ఎక్కువైంది. అలా కొన్నవాళ్ల పూర్తి వివరాలు తమ దగ్గర ఉండకపోవచ్చు కాబట్టి మెయిల్ రాయమని ఇండిగోనే ప్రకటించింది.

ఇక్కడ రాస్తున్నది ఎయిర్‌లైన్ తనంతట తాను ఫ్లైట్ రద్దు చేసిన సందర్భం గురించి మాత్రమే. మీరే ప్రయాణం మానుకుంటే లెక్క వేరు, కోతలు వేరు.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. మీరు యాప్‌లో డబ్బు కట్టగానే అది మీ పేరు మీద ఎయిర్‌లైన్‌కి వెళ్లదు. యాప్ తన ఖాతాలోంచి ఎయిర్‌లైన్‌కి కడుతుంది. రద్దయినప్పుడు కూడా అదే దారి: ఎయిర్‌లైన్ ఆ డబ్బును ఏజెంట్ ఖాతాలోనో, ఏజెంట్ పేరున ఉన్న వాలెట్‌లోనో వేస్తుంది, ఏజెంట్ మీకు పంపాలి. మీ ఊళ్లో చిన్న ఏజెంట్ దగ్గర కొన్నారంటే మధ్యలో ఇంకొకరుండే అవకాశం ఎక్కువ. వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న పెద్ద హోల్‌సేల్ ఏజెన్సీ నుంచి టికెట్ తీసుకుంటారు. కాబట్టి మీ మొదటి పని కోప్పడటం కాదు. ఈ క్షణాన డబ్బు ఎవరి దగ్గర ఆగిందో రాతపూర్వకంగా తేల్చుకోవడం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- యాప్ లేదా ఏజెంట్ ఇచ్చిన బుకింగ్ ఐడీ.
- ఎయిర్‌లైన్ పీఎన్‌ఆర్. ఇది ఆరు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. బుకింగ్ ఐడీ, పీఎన్‌ఆర్ ఒకటి కావు. ఎయిర్‌లైన్‌కి బుకింగ్ ఐడీ చెప్తే వాళ్లకేమీ కనిపించదు.
- ఈ-టికెట్ నంబర్ ఉంటే అది. పదమూడు అంకెలుంటాయి, మొదటి మూడు ఎయిర్‌లైన్ కోడ్ (ఎయిర్ ఇండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, ఖతార్ ఎయిర్‌వేస్‌కి 157).
- రద్దయిందని వచ్చిన ఎస్‌ఎంఎస్, మెయిల్ లేదా వాట్సాప్ మెసేజ్.
- డబ్బు కట్టినట్టు బ్యాంక్ లేదా కార్డు స్టేట్‌మెంట్. యూపీఐ అయితే ఆ లావాదేవీ నంబర్.
- ఛార్జీల విడివిడి లెక్క ఉన్న ఇన్వాయిస్. యాప్‌లో ‘ఇన్వాయిస్ డౌన్‌లోడ్’ దగ్గర దొరుకుతుంది. ఏజెంట్ అయితే అడిగి తీసుకోండి.

1. రద్దయిన రుజువు ఈరోజే భద్రపరచండి

ఎయిర్‌లైన్ సైట్‌లో ఫ్లైట్ స్టేటస్ పేజీ తెరిచి, మీ ఫ్లైట్ నంబర్, తేదీ, ‘రద్దు’ అన్న మాట మూడూ ఒకే చోట కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. రెండు మూడు రోజులు దాటితే ఆ పేజీలో పాత వివరాలు కనిపించకపోవచ్చు. అప్పటికే ఎయిర్‌పోర్ట్‌లో ఉంటే కౌంటర్ దగ్గర రద్దు ధ్రువీకరణ పత్రం అడగండి. శంషాబాద్ అయినా గన్నవరం అయినా, అడిగినవాళ్లకే ఇస్తారు తప్ప పిలిచి ఇవ్వరు.

2. యాప్‌లో ‘క్యాన్సిల్’ బటన్ నొక్కకండి

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ఫ్లైట్ రద్దయిందని తెలియగానే కంగారులో యాప్ తెరిచి మామూలు క్యాన్సిల్ బటన్ నొక్కేస్తారు. యాప్ దాన్ని ‘ప్రయాణికుడు తానే మానుకున్నాడు’ అని నమోదు చేసుకుంటుంది, క్యాన్సిలేషన్ ఛార్జీ కోసేస్తుంది. మా పిన్ని విశాఖ టికెట్‌కి అచ్చం ఇలాగే జరిగింది. పూర్తిగా రావాల్సిన డబ్బులో సగం కూడా రాలేదు. మిగతా డబ్బు కోసం రెండు నెలలు మెయిళ్లు రాయాల్సి వచ్చింది.

యాప్‌లో ‘ఫ్లైట్‌ను ఎయిర్‌లైన్ రద్దు చేసింది’ లాంటి కారణం విడిగా ఉందేమో చూడండి. ఉంటే అదే ఎంచుకోండి. ఆఖరున వచ్చే పేజీలో క్యాన్సిలేషన్ ఛార్జీ సున్నా చూపిస్తేనే ముందుకెళ్లండి. అంకె ఏదైనా కనిపిస్తే అక్కడే ఆగి స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్‌కి చాట్ చేయండి.

పొరపాటున ఇప్పటికే నొక్కేశారా? ఎయిర్‌లైన్ రద్దు మెసేజ్ వచ్చిన సమయం మీరు నొక్కిన సమయానికి ముందే ఉంటే ఆ రెండిటి స్క్రీన్‌షాట్లూ జతచేసి, దీన్ని ఎయిర్‌లైన్ చేసిన రద్దుగా సరిదిద్దమని రాయండి. చాలాసార్లు సరిచేస్తారు.

ఇంకో జాగ్రత్త. ఎయిర్‌లైన్ మిమ్మల్ని వేరే ఫ్లైట్‌కి మార్చి ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కమంటుంది. మీకు డబ్బే కావాలంటే దాన్ని ముట్టుకోకండి. అలాగని ఊరికే వదిలేయకండి కూడా. మీ స్పందన లేకపోతే, ఆ కొత్త ఫ్లైట్ ఎగిరిపోయాక మిమ్మల్ని ‘రాని ప్రయాణికుడు’గా రాసే ప్రమాదముంది. అది బయలుదేరకముందే “నాకు మార్పు వద్దు, రిఫండ్ కావాలి” అని రాతపూర్వకంగా చెప్పండి.

3. డబ్బు ఎక్కడుందో ఎయిర్‌లైన్‌ని అడగండి

ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్‌ఆర్, ఇంటిపేరు లేదా మెయిల్ ఐడీ కొట్టి బుకింగ్ తెరవండి. మీ మెయిల్ ఐడీ తీసుకోకపోతే కంగారు పడకండి. ఏజెంట్ తన మెయిల్ ఐడీ, తన ఫోన్ నంబర్ వేసి బుక్ చేసి ఉంటాడు. అవి అడిగి తీసుకోండి.

తర్వాత కస్టమర్ కేర్ చాట్‌లో లేదా మెయిల్‌లో సూటిగా మూడు ప్రశ్నలు వేయండి: ఈ పీఎన్‌ఆర్‌కి రిఫండ్ విడుదల చేశారా? చేస్తే ఏ తేదీన, ఎంత? ఏ ఏజెన్సీ ఖాతాకి? ఫోన్‌లో చెప్తే సరిపోదు, జవాబు మెయిల్‌లో కావాలని అడగండి. “ఏజెంట్‌కి పంపేశాం” అన్న ఒక్క లైన్, దాంతోపాటు తేదీ, మొత్తం మీ చేతికొస్తే సగం పని అయిపోయినట్టే.

ఫోన్ నంబర్ ఎప్పుడూ ఎయిర్‌లైన్ సొంత సైట్ నుంచో యాప్ లోపల నుంచో మాత్రమే తీసుకోండి. గూగుల్‌లో వెతికితే ముందు కనిపించే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో దొంగ నంబర్లుంటాయి. రిఫండ్ ఇస్తామని స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఖాతా ఊడ్చేస్తారు. మీకు డబ్బు రావడానికి ఓటీపీ చెప్పాల్సిన పని లేదు, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. ఇప్పటికే మోసపోయి ఉంటే మరో నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

4. ఏజెంట్‌కి లేదా యాప్‌కి మెయిల్ రాయండి

ఫోన్ మాటలకి సాక్ష్యం ఉండదు. మెయిల్ ఇలా ఉంటే చాలు:

“నా బుకింగ్ ఐడీ ఇది, పీఎన్‌ఆర్ ఇది. ఫలానా తేదీన ప్రయాణించాల్సిన ఫలానా ఫ్లైట్‌ను ఎయిర్‌లైన్ రద్దు చేసింది. రుజువు జతచేశాను. నాకు వేరే ఫ్లైట్ వద్దు, క్రెడిట్ నోట్ వద్దు, వాలెట్‌లో వద్దు. నేను కట్టిన మార్గంలోనే పూర్తి డబ్బు తిరిగి పంపండి. ఎయిర్‌లైన్ ఫలానా తేదీన మీ ఖాతాకి ఇంత మొత్తం పంపినట్టు నాకు తెలియజేసింది (లేదా: ఎయిర్‌లైన్‌కి మీరు రిఫండ్ అభ్యర్థన పంపిన తేదీ తెలపండి). ఏడు రోజుల్లో జవాబు ఇవ్వండి.”

ఫిర్యాదు నంబర్ వచ్చాక దాన్ని, తేదీని ఒక కాగితం మీద రాసుకోండి. మళ్లీ రాసిన ప్రతిసారీ అదే మెయిల్‌కి జవాబుగా రాయండి. కొత్త మెయిల్ మొదలుపెడితే కొత్త ఫిర్యాదు అవుతుంది, గడువు మళ్లీ మొదటికొస్తుంది.

యాప్‌లు ‘వెంటనే రిఫండ్’ అంటూ వాలెట్‌ని ముందుకు తోస్తాయి. ఒకసారి ఒప్పుకున్నాక ఆ డబ్బు బ్యాంకుకి మళ్లించడం చాలా కష్టం. ఎయిర్‌లైన్ ఇచ్చే క్రెడిట్ షెల్ (డబ్బు ఇవ్వకుండా, తర్వాతి టికెట్‌కి వాడుకోమని తన దగ్గరే ఉంచుకునే మొత్తం) కూడా అంతే. డబ్బును క్రెడిట్‌గా ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రయాణికుడి ఇష్టం, ఎయిర్‌లైన్ దాన్ని మామూలు పద్ధతిగా అంటగట్టకూడదు అని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనే చెబుతోంది.

5. గడువు లెక్క పెట్టండి

మీ చేతిలో ఉండాల్సిన ఆయుధం డీజీసీఏ పౌర విమానయాన నిబంధనలు: సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 2. టికెట్ ఏజెంట్ ద్వారా కొన్నా పోర్టల్‌లో కొన్నా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, ఎందుకంటే ఏజెంట్లు ఎయిర్‌లైన్ నియమించుకున్న ప్రతినిధులు అని అందులో స్పష్టంగా ఉంది. “మీరు ఏజెంట్ దగ్గర కొన్నారు కదా, మాకు సంబంధం లేదు” అన్న జవాబు వచ్చిన ప్రతిసారీ ఈ వాక్యాన్ని గుర్తుచేయండి. మన దేశపు ఎయిర్‌లైన్ల విషయంలో ఇంతకంటే బలమైన మాట లేదు.

ఏజెంట్ ద్వారా కొన్న టికెట్లకి చాలాకాలం ఉన్న గడువు 30 పని దినాలు. శని, ఆదివారాలు, సెలవులు తీసేస్తే దాదాపు ఆరు వారాలు. 2025 నవంబర్ ముసాయిదాలో డీజీసీఏ దీన్ని 21 పని దినాలకి తగ్గించాలని ప్రతిపాదించింది. ఫిర్యాదు రాసే రోజున డీజీసీఏ సైట్‌లో పార్ట్ 2 తెరిచి, అందులో ఉన్న అంకెనే మీ మెయిల్‌లో వేయండి. పాత అంకె వేస్తే అవతలివాళ్లకి సాకు దొరుకుతుంది.

6. ఎయిర్‌సేవలో ఎయిర్‌లైన్ మీద, 1915లో ఏజెంట్ మీద

గడువు దాటినా, లేదా మెయిల్‌కి ఏడు రోజుల్లో జవాబు రాకపోయినా ఈ రెండు తలుపులూ తట్టండి. ఏది ఎవరి మీదో కలగాపులగం చేయొద్దు.

ఎయిర్‌సేవ పౌర విమానయాన శాఖ పోర్టల్, యాప్ కూడా ఉంది. అక్కడ ఫిర్యాదు ఎయిర్‌లైన్ మీద పెట్టండి. ఏజెంట్ మోసం చేశాడని కథంతా రాస్తే “ఇది మా పరిధి కాదు” అని మూసేసే అవకాశముంది. ‘ఎయిర్‌లైన్ రద్దు చేసిన ఫ్లైట్‌కి పార్ట్ 2 ప్రకారం రిఫండ్ అందలేదు’ అని నాలుగు వాక్యాల్లో రాసి పత్రాలు జతచేయండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. ఇక్కడ యాప్ లేదా ఏజెన్సీ మీద ఫిర్యాదు నమోదు చేయించండి. పేరున్న యాప్‌లు చాలావరకు ఈ దశలోనే కదులుతాయి. ఈ వ్యవస్థకి పట్టు ఉందనడానికి ఒక ఉదాహరణ: లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల బకాయి సుమారు రెండున్నర కోట్ల రూపాయలు ప్రయాణికులకి తిరిగివ్వాలని 2024 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ యాత్రా ఆన్‌లైన్ సంస్థని ఆదేశించింది. నాలుగేళ్ల పాత డబ్బది.

7. కార్డుతో కట్టి ఉంటే ఛార్జ్‌బ్యాక్

క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో కట్టినవాళ్లు బ్యాంకుకి ‘సేవ అందలేదు’ అన్న కారణంతో డిస్ప్యూట్ (ఆ చెల్లింపు మీద అభ్యంతరం) పెట్టవచ్చు. అది నెగ్గితే బ్యాంకే డబ్బు వెనక్కి రప్పిస్తుంది, దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. రద్దు రుజువు, మీరు రిఫండ్ అడిగిన మెయిల్, వాళ్ల జవాబు (లేదా జవాబు రాకపోవడం) జతచేయాలి. దీనికి కాలపరిమితి ఉంటుంది. వీసా కార్డులకి సాధారణంగా ప్రయాణ తేదీ నుంచి 120 రోజులు. అందుకే ఏజెంట్ ‘వచ్చే వారం, వచ్చే వారం’ అంటూ నాలుగు నెలలు గడిపేస్తే ఈ దారి మూసుకుపోతుంది. మూడో నెల దాటకముందే బ్యాంకుకి రాయండి.

ఎయిర్‌లైనే మూతపడితే ఇది మరీ ముఖ్యం. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయి దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు, మిగతా దారుల్లో వెళ్లినవాళ్లు అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది.

రెండు దారుల్లోనూ డబ్బు వస్తే ఒకటి తిరిగి కట్టాలి. ముందే రిఫండ్ వచ్చేస్తే బ్యాంకుకి చెప్పి డిస్ప్యూట్ ఉపసంహరించుకోండి.

8. వినియోగదారుల కమిషన్

ఏదీ పనిచేయకపోతే ముందు 15 రోజుల గడువుతో ఎయిర్‌లైన్‌కి, ఏజెంట్‌కి ఇద్దరికీ స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. ఆ తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కి ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆ ఎయిర్‌లైన్ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం మరిచిపోకండి. ఒకరినే చేరిస్తే వాళ్లు లేనివాళ్ల మీదకి నెట్టేస్తారు.

వచ్చిన డబ్బు సరైనదేనా?

యాప్‌లో ‘రిఫండ్ పూర్తయింది’ అని పచ్చ టిక్ కనిపించినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. కార్డు రిఫండ్ అయితే ఏఆర్‌ఎన్ అనే నంబర్ అడగండి. యూపీఐ, బ్యాంక్ బదిలీ అయితే యూటీఆర్ నంబర్. ఆ నంబర్‌తో మీ బ్యాంకును అడిగితే డబ్బు వచ్చిందో లేదో చెప్తారు. ఆ నంబర్ ఇవ్వలేకపోతే వాళ్లింకా పంపలేదనే అనుకోండి.

మొత్తం ఇలా సరిచూసుకోండి. మీరు కట్టింది రూ. 6,850 అనుకుందాం. ఇన్వాయిస్‌లో ఎయిర్‌లైన్‌కి చేరిన టికెట్ ధర పన్నులతో కలిపి రూ. 6,300, యాప్ కన్వీనియన్స్ ఫీజు రూ. 400, ఇన్సూరెన్స్ రూ. 150. అప్పుడు రూ. 6,300 పైసా తగ్గకుండా రావాలి. ఎయిర్‌లైన్ ద్వారా కొన్న సీటు, భోజనం, అదనపు లగేజీ డబ్బు కూడా అందులో కలవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. కన్వీనియన్స్ ఫీజు మాత్రం చాలా యాప్‌లు తమ షరతుల్లో తిరిగివ్వమనే రాస్తాయి. అడగడంలో తప్పులేదు, కానీ దానికోసం మిగతాది ఆపుకోవద్దు. రూ. 6,300 కంటే తక్కువ వస్తే ‘ఏ పద్దు కింద ఎంత కోశారు’ అని విడివిడి లెక్క అడగండి. రిఫండ్ ప్రాసెస్ చేసినందుకంటూ ఎయిర్‌లైన్ అదనంగా వసూలు చేయకూడదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద కొని ఉంటే రిఫండ్ రాగానే ఈఎంఐ దానంతటదే ఆగుతుందనుకోకండి. బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించాలి.

రిఫండ్‌తోపాటు నష్టపరిహారం కూడా రావచ్చు. కనీసం 24 గంటల ముందు చెప్పకుండా దేశీయ ఫ్లైట్ రద్దు చేస్తే, ప్రయాణ సమయం గంట వరకు ఉంటే రూ. 5,000, రెండు గంటల వరకు రూ. 7,500, అంతకుమించితే రూ. 10,000, లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకి ఇది వర్తించదు. బుకింగ్‌లో సరైన ఫోన్ నంబర్, మెయిల్ ఇవ్వనివాళ్లకీ ఇది రాదు. ఏజెంట్ తన నంబర్ వేసుకుంటే నష్టపోయేది మీరే. అందుకే టికెట్ చేతికి రాగానే ఎయిర్‌లైన్ సైట్‌లో మీ నంబర్ చేర్చుకోండి.

అమెరికా, యూరప్ టికెట్లు

విదేశీ ఎయిర్‌లైన్ల రిఫండ్ వాళ్ల దేశపు నిబంధనల ప్రకారం ఉంటుంది. అమెరికాకి వచ్చే, అక్కడి నుంచి బయలుదేరే ఫ్లైట్లకి అమెరికా రవాణా శాఖ నియమం వర్తిస్తుంది: కార్డుకి 7 పని దినాలు, మిగతా మార్గాలకి 20 రోజులు. అక్కడ కార్డు స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఇవ్వాలి. యాప్ పేరుంటే యాప్, ఎయిర్‌లైన్ పేరుంటే ఎయిర్‌లైన్. కాబట్టి ముందు స్టేట్‌మెంట్ చూడండి. యూరోపియన్ యూనియన్ నుంచి బయలుదేరేవాటికి ఎయిర్‌లైన్ 7 రోజుల్లో తిరిగివ్వాలి.

గల్ఫ్‌కి వెళ్లే అన్నదమ్ములకి, నగదుతో కొనేవాళ్లకి

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు నుంచి దుబాయ్‌కో కువైట్‌కో వెళ్లేవాళ్లు ఎక్కువగా తెలిసిన ఏజెంట్ చేతిలో నగదు పెట్టి టికెట్ తీసుకుంటారు. నాకు బాధ కలిగించేది వీళ్ల విషయమే. నెలల కష్టార్జితం పోతుంది, చేతిలో కాగితం ముక్క ఉండదు. దయచేసి డబ్బు ఏజెన్సీ పేరున్న ఖాతాకే పంపండి. నగదే ఇవ్వాల్సి వస్తే పేరు, తేదీ, మొత్తం, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. వీసా, మెడికల్, టికెట్ అన్నీ కలిపి ఒకే అంకె రాస్తే ఒప్పుకోకండి, టికెట్ ఖరీదు విడిగా రాయించండి. టికెట్ ఇవ్వగానే అక్కడే నిలబడి ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్‌ఆర్ కొట్టి మీ పేరు కనిపిస్తోందో లేదో చూడండి.

రసీదు లేకుండా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, ఈరోజే ఏజెంట్‌కి వాట్సాప్‌లో మామూలుగా ఒక మెసేజ్ పెట్టండి: “అన్నా, ఫలానా తేదీన నేనిచ్చిన ఇన్ని వేల టికెట్ డబ్బు, ఫ్లైట్ రద్దయింది కదా, ఎప్పుడిస్తావు?” అతను “పది రోజుల్లో ఇస్తాను” అని జవాబిస్తే డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నట్టే. ఆ చాట్‌ని స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచండి. డబ్బు మీ ఖాతాలో పడేవరకు ఏ ఫిర్యాదునూ ‘పరిష్కారమైంది’ అని నొక్కకండి.